వెబ్ పేజీని బొమ్మగా పదిలపరచుకొనుట



భూమి రికార్డు, బజారు ధర, వాతావరణ సూచన, బీమా దరఖాస్తు – ఇవన్నియు ఒకప్పుడు కాగితముపై వచ్చెడివి. ఆ కాగితమును పెట్టెలో దాచుకొన్నచో పదియేండ్ల తరువాత తీసి చూచినను అవే అక్షరములు, అవే అంకెలు కనబడెడివి. నేడు ఈ విషయములలో పెక్కు ఫోను తెరపై వెబ్ పేజీలుగా వచ్చుచున్నవి. తెరపై చూచినది మన చేతికి వచ్చినట్లే తోచును. కాని అది మన చేతికి రాలేదు. మనము చూచినది ఎక్కడనో యున్న ఒక కంప్యూటరు ఆ గడియలో మనకు చూపిన రూపము మాత్రమే. రేపు అదే చిరునామా తెరచినచో వేరొక రూపము కనబడవచ్చును. లేదా ఏమియు కనబడకపోవచ్చును.

కావున అవసరమైన పేజీని అప్పటికప్పుడే కదలని బొమ్మగా మార్చి దాచుకొనుట రైతు నేర్చుకొనదగిన పని. ఇది కష్టమైనది కాదు. దీనికి క్రొత్త ఖర్చు లేదు. కాని అజాగ్రత్తగా చేసినచో మేలు కంటె కీడే యెక్కువ. దీనిని ఎప్పుడు చేయవలెనో, ఎట్లు చేయవలెనో, చేసిన బొమ్మను ఎంతవరకు నమ్మవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

వెబ్ పేజీ అనగా నేమి?

వెబ్ పేజీ ఒక చోట అచ్చువేసి యుంచిన కాగితము కాదు. మీరు ఫోనులో చిరునామాను తాకగానే ఆ కోరిక దూరముననున్న సర్వరు అను కంప్యూటరునకు పోవును. ఆ సర్వరు తన ఖాతాలలో వెదకి, కావలసిన అంకెలను తీసి, వానితోపాటు కొన్ని సూచనలను కూడ పంపును. 'ఈ అంకెను ఈ గడిలో ఉంచుము, ఈ శీర్షికను పెద్ద అక్షరములలో చూపుము' అనునట్టివి ఆ సూచనలు. ఈ సూచనలను వ్రాయు భాషకు హెచ్‌టీఎంఎల్ అని పేరు. టిమ్ బెర్నర్స్-లీ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేయుచు 1989లో వెబ్ ఏర్పాటును ప్రతిపాదించి, అటుపిమ్మట దీనిని రూపొందించెను.

మీ ఫోనులోని బ్రౌజరు ఆ సూచనలను చదివి, గడులు గీసి, తన వద్దనున్న ఫాంటుతో తెలుగు అక్షరములను పేర్చి, పేజీని తెరపై నిలుపును. అనగా పేజీ మీరు తెరచిన ప్రతిసారియు క్రొత్తగా తయారగుచున్నది. అందువలన అది మూడు విధములుగా మారుటకు అవకాశము కలదు.

మొదటిది, సర్వరులోని అంకెలు మారుట. ఉదయము పది గంటలకు చూపిన మిరప ధర సాయంకాలమునకు ఉండదు. రెండవది, వెబ్‌సైటే మారుట. తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూమి రికార్డులకై ధరణి పోర్టలు ప్రారంభమైనది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూ భారతి వచ్చినది. ఐదేండ్లు నిండకుండగనే రైతు తన రికార్డును చూచుకొను చిరునామా మారినది. మూడవది, చూచు పరికరము మారుట. ఒకే పేజీ చిన్న ఫోనులో ఒక తీరుగను, కంప్యూటరులో మరియొక తీరుగను కనబడును.

ఇందువలన 'లింకు దాచుకొన్నాను గదా' అని నిశ్చింతగా నుండరాదు. లింకు అనగా ఇంటి చిరునామా వంటిది. చిరునామా మీ వద్ద నున్నను, ఆ యింటిలోని వారు మారవచ్చును, ఇల్లే లేకపోవచ్చును.

బొమ్మ అనగా నేమి?

తెరపై కనబడు ప్రతి దృశ్యము సన్నని రంగు చుక్కల కూర్పు. అడ్డముగ 1,080 చుక్కలు, నిలువున 2,400 చుక్కలు గల ఫోను తెరపై మొత్తము సుమారు 26 లక్షల చుక్కలుండును. ఏ చుక్క ఏ రంగులో నున్నదో ఒక ఫైలులో వ్రాసికొనుటయే బొమ్మ తీయుట. దీనినే స్క్రీన్‌షాట్ అందురు. ఒకసారి వ్రాసికొన్న పిమ్మట సర్వరుతో దానికి సంబంధము లేదు. నెట్టు లేకున్నను తెరచుకొనును. ఏ ఫోనులో చూచినను ఒకే తీరుగ నుండును. ఇతర ఫోనులో తెలుగు ఫాంటు లేనందున అక్షరముల స్థానమున ఖాళీ పెట్టెలు కనబడు బాధ దీనికి లేదు. ఏలయనగా బొమ్మలో అక్షరము అక్షరముగా లేదు, చుక్కలుగా నున్నది.

అదే దాని లోపము కూడ. బొమ్మలోని లింకును తాకినను తెరచుకొనదు. ఖాతా నంబరును అందుండి నేరుగ నకలు చేసికొనుట అన్ని ఫోన్లలో సాధ్యము కాదు. చూపు లేని వారికి పేజీలోని అక్షరములను చదివి వినిపించు ఉపకరణములు బొమ్మలోని అక్షరములను చదువుటకు తడబడును. ముఖ్యముగా, లోకము మారినను బొమ్మ మారదు. మనము దానిని తీయుటకు కారణమదే. దానివలన మోసపోవుటకును కారణమదే.

భూసార పరీక్షకు మట్టి నమూనా తీయు పద్ధతి మీకు తెలిసినదే. చేనిలో ఎనిమిది పది చోట్ల మట్టి తీసి, కలిపి, అర కిలో సంచిలో వేసి, అందులో ఒక చీటీ పెట్టుదుము. రైతు పేరు, సర్వే నంబరు, తీసిన తేదీ ఆ చీటీపై నుండును. ఒక మూల గట్టు ప్రక్కన మాత్రమే తీసిన మట్టి చేనంతటి గుణమును చెప్పజాలదు. చీటీ లేని సంచి ఏ చేనిదో ఎవరును చెప్పజాలరు. వెబ్ పేజీ బొమ్మకును ఈ రెండు నియమములే వర్తించును: పేజీ అంతయు రావలెను, చీటీ ఉండవలెను.

ఏ పేజీలను బొమ్మ తీసికొనవలెను?

1. భూమి రికార్డులు: అడంగల్, 1-బి, పహాణీ వంటి పేజీలను ప్రతి సంవత్సరము ఒక పర్యాయమైనను తీసి యుంచుట మంచిది. రిజిస్ట్రేషను, భాగ పంపకము, సర్వే వంటి మార్పులకు ముందును, తరువాతను తప్పక తీయవలెను. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే కార్యక్రమము ఆరంభమైనది. అది పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చినవి. 'నా పాత సర్వే నంబరు ఏది, అందు విస్తీర్ణము ఎంత యుండెను, ఇప్పుడెంత చూపుచున్నారు' అని పోల్చి చూచుకొనుటకు పాత పేజీ బొమ్మ చేతిలోనున్న రైతుకు సులువు. అర్జీలో ఏమి వ్రాయవలెనో, ఏ నకలు కోరవలెనో అతనికి వెంటనే తెలియును.

2. దరఖాస్తుల రసీదులు: పంట నమోదు, బీమా, సబ్సిడీ దరఖాస్తు పంపిన తరువాత తెరపై ఒక సంఖ్య కనబడును. ఆ తెర మూసిన పిమ్మట మరల అది దొరకుట కష్టము కావచ్చును. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలులో నున్న చోట్ల వడగండ్ల వంటి స్థానిక నష్టము కలిగినచో 72 గంటలలోపల తెలియజేయవలెనని నియమము. ఆ గడువులో మీరు తెలిపినట్లు చూపుటకు ఆ సంఖ్య, తేదీ, వేళ గల పేజీ బొమ్మ చాల అక్కరకు వచ్చును.

3. బజారు ధరలు: అగ్‌మార్క్‌నెట్, ఈ-నామ్ పేజీలలో క్వింటాలునకు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు చూపుదురు. మోడల్ ధర అనగా ఆనాడు ఎక్కువ సరకు అమ్మిన ధర. సరకు తోలిన రోజు ధరను బొమ్మ తీసి, అమ్మకపు చీటీతో కలిపి దాచినచో మూడు నాలుగేండ్లలో మీ ఊరి పంటకు ఏ నెలలో ఏ ధర వచ్చుచున్నదో మీకే ఒక లెక్క ఏర్పడును.

4. వ్యవసాయ వాతావరణ సలహాలు: భారత వాతావరణ శాఖ వ్యవసాయ సలహాలు వారమునకు రెండు పర్యాయములు, మంగళ శుక్రవారములందు వెలువడుచున్నవి. పొలములో నెట్టు అందని వారు ఇంటివద్దనే బొమ్మ తీసికొని పోవచ్చును. కాని వీని ఆయుష్షు తక్కువ. క్రొత్త సలహా రాగానే పాత బొమ్మను తీసివేయవలెను.

తీయు పద్ధతి

ఫోనులో: చాల ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బొత్తమును, శబ్దము తగ్గించు బొత్తమును ఒకేసారి నొక్కినచో తెరపై నున్నంత భాగము బొమ్మగా వచ్చి, గ్యాలరీలో చేరును. పేజీ తెరకంటె పొడవైనచో ఇది చాలదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మొదలుకొని అనేక ఫోన్లలో, బొమ్మ తీసిన వెంటనే క్రింద 'క్యాప్చర్ మోర్' అనియో, 'స్క్రోల్' అనియో, క్రిందికి చూపు బాణము గుర్తుగానో ఒక మీట కనబడును. దానిని తాకినచో క్రింది భాగము కూడ కలిసి ఒకే పొడుగు బొమ్మ యగును.

పొడుగు బొమ్మ తీయుటకు ముందు పేజీని ఒకసారి అడుగు వరకు జరిపి మరల పైకి రావలెను. పెక్కు పేజీలలో క్రింది భాగము మనము అక్కడికి చేరిన తరువాతనే సర్వరు నుండి వచ్చును. ముందుగా జరుపకున్నచో బొమ్మలో ఆ చోటు తెల్లగా మిగిలిపోవును.

వెడల్పు పట్టికలు: పొరపాట్లు ఎక్కువగా జరుగునది ఇచ్చటనే. అడంగల్ పట్టికలో గడులు చాల ఉండును. ఫోనును నిలువుగ పట్టుకొన్నప్పుడు ఎడమవైపు గడులు మాత్రమే కనబడును. అనుభవదారుని పేరు, అనుభవ స్వభావము తెలుపు గడులు కుడివైపున తెర వెలుపల నుండిపోవును. బొమ్మ తీసిన రైతు మొత్తము వచ్చినదనుకొనును. అవసరము వచ్చిన నాడు చూచినచో కావలసిన గడియే ఉండదు. దీనికి మూడు ఉపాయములు కలవు. ఫోనును అడ్డముగ త్రిప్పి చూడుడు. అది చాలనిచో బ్రౌజరు మూల నున్న మూడు చుక్కలను తాకి 'డెస్క్‌టాప్ సైట్' అనుదానిని ఎన్నుకొనుడు. అప్పుడును పట్టనిచో ఎడమ భాగము ఒక బొమ్మ, కుడి భాగము ఒక బొమ్మ తీయుడు. అయితే రెండింటిలోను ఒక గడి సమానముగ నుండునట్లు చూడవలెను. లేనిచో ఏ వరుస ఏ వరుసకు చెందినదో తెలియదు.

పీడీఎఫ్‌గా దాచుట: ఫోనులోని క్రోమ్ బ్రౌజరులో మూడు చుక్కలు తాకి, 'షేర్', పిదప 'ప్రింట్' ఎన్నుకొని, ప్రింటరు పేరుండు చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' అని పెట్టినచో పేజీ అచ్చు కాగితముల రూపమున ఫైలగును. కాగితమును అడ్డముగ పెట్టు ఎంపిక కూడ కలదు. వెడల్పు పట్టికలకు అది అనువైనది. కంప్యూటరులో కంట్రోల్, పి మీటలను కలిపి నొక్కినచో ఇదే వీలు కలుగును. పీడీఎఫ్‌లో చాలవరకు అక్షరములు అక్షరములుగనే నిలుచును గనుక వెదకుటకు, పెద్దవి చేసి చదువుటకు బాగుండును. అయితే కొన్ని వెబ్‌సైట్లు అచ్చునకు వేరు రూపమును ఏర్పరచును. తెరపై చూచిన కొన్ని భాగములు పీడీఎఫ్‌లో రాకపోవచ్చును. ముఖ్యమైన పేజీని రెండు విధములుగను దాచుట మేలు.

కంప్యూటరులో: రైతు సేవా కేంద్రమున గాని, ఇంట చదువుకొను పిల్లల వద్ద గాని కంప్యూటరున్నచో పని మరింత సులువు. విండోస్‌లో విండోస్ గుర్తు మీట, షిఫ్ట్, ఎస్ – ఈ మూడింటిని కలిపి నొక్కి కావలసిన భాగమును గీసి తీసికొనవచ్చును. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పేజీపై ఖాళీ చోట మౌసు కుడి మీట నొక్కినచో 'టేక్ స్క్రీన్‌షాట్' అని కనబడును. అందు 'సేవ్ ఫుల్ పేజ్' అనుదాని వలన పేజీ అంతయు ఒకే బొమ్మగా వచ్చును.

చిరునామా ఇచ్చినచో బొమ్మ చేసి పంపెదమని చెప్పు వెబ్‌సైట్లు కూడ కలవు. అందరికిని తెరచియున్న పేజీలకు అవి పనికివచ్చును. కాని మీ ఖాతా తెరచి చూచిన పేజీకి అవి పనికిరావు. ఆ పేజీని తెరచునది మీ ఫోను కాదు, వారి కంప్యూటరు. దానికి మీ లోపలి పేజీ కనబడదు, ప్రవేశ ద్వారము మాత్రమే కనబడును. అంతమాత్రమున వారికి మీ సంకేత పదమును ఎన్నడును ఇయ్యరాదు. అట్టి పేజీని మీ ఫోనులోనే తీసికొనవలెను. కొన్ని బ్యాంకు యాప్‌లు బొమ్మ తీయుటను అడ్డగించును. అది ఫోను దోషము కాదు, భద్రతకై చేసిన ఏర్పాటు.

ఏ రకపు ఫైలు?

బొమ్మలు ముఖ్యముగా రెండు రకముల ఫైళ్లుగా దొరకును. జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణముగా వచ్చినది. ఇది పొలము, పశువు, ఆకుమచ్చ వంటి ఛాయాచిత్రములకు మంచిది. ఫైలు చిన్నదగుటకై కంటికి అంతగా తెలియని వివరమును ఇది వదలివేయును. పీఎన్‌జీ పద్ధతి 1996లో వచ్చినది. ఇది ఏ చుక్కను వదలకుండ దాచును. అక్షరములు, అంకెలు, గీతలు గల పేజీకి పీఎన్‌జీయే తగినది.

ఈ భేదము చిన్నది కాదు. తెలుగు లిపిలో తలకట్టు, దీర్ఘము, వత్తు అన్నియు సన్నని గీతలు. జేపెగ్‌లో మరల మరల నొక్కబడిన బొమ్మలో ఇవి అలుక్కుపోవును. 'ప'కు 'ఫ'కు భేదము తెలియదు. 183 సర్వే నంబరు 188గా కనబడును. 3 ఎకరముల అంకె 8గా తోచును. భూమి విషయమున ఒక అంకె తప్పినచో ఎంత తిరుగుడో మీకు చెప్పనక్కరలేదు.

వాట్సాప్‌లో బొమ్మను మామూలు ఫోటోగా పంపినచో అది దానిని చిన్నది చేసి పంపును. అది నలుగురి చేతులు మారినకొలది మసకబారును. కావున పంపునప్పుడు ఫోటోగా గాక 'డాక్యుమెంట్'గా పంపవలెను. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్లు చేరును.

బొమ్మకు చీటీ

మట్టి సంచికి వలెనే బొమ్మకును చీటీ కావలెను. చీటీలో నాలుగు సంగతులుండవలెను: ఏ పేజీ, ఏ చిరునామా, ఏ తేదీ, ఏ వేళ. వీనిలో చిరునామా బొమ్మలోనే వచ్చునట్లు చూడుడు. పేజీని జరిపినప్పుడు బ్రౌజరు పైభాగమున చిరునామా పట్టీ దాగిపోవును. పేజీని కొంచెము పైకి లాగినచో మరల కనబడును. అటుపిమ్మట బొమ్మ తీయవలెను. ఫోను తెరపై వేళ కనబడును గాని చాల ఫోన్లలో తేదీ కనబడదు. కావున ఫైలు పేరులోనే తేదీ వ్రాయుట మంచి అలవాటు.

పేరు ఈ విధముగ నుండవచ్చును: '2025-06-12 అడంగల్ 183'. సంవత్సరము ముందు, నెల తరువాత, తేదీ చివర వ్రాసినచో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమమున వరుసలో నిలుచును. గ్యాలరీలో వేలకొలది పెండ్లి ఫోటోల నడుమ దీనిని వదలక, 'భూమి', 'బీమా', 'ధరలు' అని వేరువేరు ఫోల్డర్లు చేసికొనుడు. ఫోను నీటిలో పడవచ్చును, పోవచ్చును. అందుచేత మెమరీ కార్డులో గాని, కుటుంబమున మరియొకరి ఫోనులో గాని ఒక నకలుంచుడు. మిక్కిలి ముఖ్యమైన వానిని కాగితముపై అచ్చు తీయించి, వెనుక తేదీ వ్రాసి, పాసుపుస్తకముతో కలిపి పెట్టుడు.

పాత బొమ్మ వలన కీడు

ఇంతవరకు మీరు తీయు బొమ్మలను గూర్చి చెప్పితిమి. ఇక మీకు వచ్చు బొమ్మల మాట. గ్రామమునందలి వాట్సాప్ గ్రూపులలో ధరల బొమ్మలు, మందుల బొమ్మలు, పథకముల బొమ్మలు నిత్యము తిరుగుచుండును. వీనిలో చాలవానికి చీటీ ఉండదు. అది నిజమైన పేజీ బొమ్మయే కావచ్చును. కాని నిరుటిది కావచ్చును.

ఉదాహరణకు వరి మద్దతు ధరను చూడుడు. సాధారణ రకమునకు క్వింటాలుకు 2024-25లో 2,300 రూపాయలు; 2025-26లో 2,369 రూపాయలు. 2024-25 నాటి పేజీ బొమ్మను సంవత్సరము చూడక నమ్మి 2025-26లో ఎవరైనను ధాన్యము బేరము చేసియున్నచో క్వింటాలుకు 69 రూపాయలు, 60 క్వింటాళ్లకు 4,140 రూపాయలు తగ్గియుండును. ఆ బొమ్మలో అబద్ధము ఒక్కటియు లేదు. తేదీ లేకపోవుట ఒక్కటే దాని దోషము.

మందుల విషయమున కీడు ఇంకను పెద్దది. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ మందులను ఒకప్పుడు సిఫారసు చేయుట కలదు. భారత ప్రభుత్వము 2018 ఆగస్టులో వెలువరించిన ఉత్తరువు ప్రకారము 2020 డిసెంబరు 31 నుండి వీనిని నిషేధించినది. సిఫారసు పేజీలను సరిదిద్దవచ్చును. కాని అంతకుముందు ఎవరో తీసిన బొమ్మను ఎవరును సరిదిద్దలేరు. అది ఒక ఫోను నుండి మరియొక ఫోనుకు పోవుచునే యుండును. కావున తేదీ, చిరునామా లేని మందుల బొమ్మను చూచి దుకాణమునకు పోరాదు. వ్యవసాయ అధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రమును గాని అడిగి, సీసాపై ముద్రించిన పంట పేరు, మోతాదు చూచుకొని కొనవలెను.

వాన సూచనయు నంతే. వారము క్రిందటి బొమ్మలో 'పొడి వాతావరణము' అని చూచి వరి కోసి పనలు చేనిలో వదలినచో ఆ నష్టమునకు బాధ్యులెవరు? ఏ సూచన నైనను అనుసరించుటకు ముందు దాని తేదీని, అసలు పేజీని చూడుడు. దాచుటకు బొమ్మ, నడచుటకు పేజీ – ఈ తేడాను మరువరాదు.

చట్టము ముందు బొమ్మ విలువ

బొమ్మలోని అంకెను మార్చుట నేడు చిన్నపిల్లలకును తెలిసిన విద్య. అందువలన అధికారులుగాని, న్యాయస్థానములుగాని తెరబొమ్మను చూడగానే నమ్మరు. భూమి రికార్డు విషయమున మీసేవ వంటి కేంద్రముల ద్వారా గాని, రెవెన్యూ కార్యాలయము ద్వారా గాని పొందిన ధ్రువీకృత నకలుకే బలము. బొమ్మ ఆ నకలుకు బదులు కాదు. ఏ నకలు కోరవలెనో, రికార్డు ఏ కాలమున మారినదో చూపు ఆనవాలు మాత్రమే.

2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 2023లోని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యముగ చూపు విధానమును తెలుపుచున్నది. దానికి జతపరచవలసిన ధ్రువపత్రములో రెండు భాగములు కలవు. ఒకటి రికార్డును చూపువారు, రెండవది నిపుణుడు నింపవలెను. అందులో హాష్ విలువ అను ఒక సంఖ్యను కూడ చూపవలెను. ఫైలులోని సమస్త సమాచారము నుండి లెక్కకట్టిన ఆనవాలు సంఖ్య అది. బొమ్మలో ఒక్క చుక్క మారినను ఆ సంఖ్య మారిపోవును. దీని నుండి రైతు గ్రహింపవలసినది ఒక్కటే: అసలు ఫైలును కత్తిరింపవద్దు, దానిపై గీతలు గీయవద్దు, వ్రాతలు వ్రాయవద్దు. గుర్తులు పెట్టవలసి వచ్చినచో నకలు తీసి, ఆ నకలుపై పెట్టుడు. వివాదము వచ్చునను అనుమానమున్నచో బొమ్మ తీసిన ఫోనును కూడ భద్రపరచి, న్యాయవాది సలహా పొందుడు.

పరులకు పంపునప్పుడు

మీ పేజీలలో ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు ఉండును. గ్రూపులో పెట్టుటకు ముందు వీనిని కప్పివేయవలెను. కప్పుటకు హైలైటరు వంటి పలుచని రంగు వాడరాదు. బొమ్మను వెలుతురు చేసి చూచినచో క్రింది అంకెలు బయటపడును. పూర్తిగ నల్లని పెట్టెతో కప్పుట, లేదా ఆ భాగమును కత్తిరించిన నకలును పంపుట శ్రేయస్కరము. ఓటీపీ గల తెరను ఎవరికిని పంపరాదు.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. లింకు దాచుట పేజీని దాచుట కాదు. ముఖ్యమైన దానిని చూచిన నాడే బొమ్మ తీయుడు.
2. పేజీ అడుగు వరకు, పట్టిక కుడి అంచు వరకు వచ్చినదో లేదో తెరచి చూచుకొనుడు.
3. అక్షరములు, అంకెలు గల పేజీకి పీఎన్‌జీ గాని, పీడీఎఫ్ గాని మేలు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుడు.
4. చిరునామా బొమ్మలోను, తేదీ ఫైలు పేరులోను ఉండవలెను.
5. అసలు ఫైలును మార్చక, వేరు చోట నకలుంచుడు.
6. తేదీ లేని బొమ్మను చూచి మందు కొనవద్దు, ధాన్యము అమ్మవద్దు, పంట కోయవద్దు.

ఈ పని నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. మొదట మీ అడంగల్ గాని, పహాణీ గాని తెరచి, పై పద్ధతిన బొమ్మ తీసి, పేరు పెట్టి, కుడి అంచు వరకు అన్ని గడులు చదువ వచ్చుచున్నవో లేదో చూచుకొనుడు. వచ్చినచో పనిలో సగము నేర్చినట్లే. వచ్చే సంవత్సరము అదే నెలలో మరల తీసి, రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చుడు. ఏ గడి యందైనను మీకు తెలియని మార్పు కనబడినచో ఆలస్యము చేయక రెవెన్యూ కార్యాలయములో విచారింపుడు.